కుంపటి పెట్టిన గది

మంఖాల్,
24 నవంబర్ 2025

అక్కా,

ఈ కాగితం చూసి నవ్వుకుంటావేమో. గంట దూరంలో ఉన్న చెల్లె ఉత్తరం రాసి పంపుడేందని. ఏం చేయను, నా ఫోన్ అత్తమ్మ బీరువాలో ఉంది. "బాలింత ఫోన్ చూస్తె కండ్లు గుంజుతయి. చెవుల పెట్టుకుంటె గాలి జొస్తది. మూడు నెల్లు దాని జోలికే పోకు" అని తాళంచెవి కొంగుకు కట్టుకుంది. మీ మరిది ఫోన్ అడిగితే "అమ్మ చూస్తె నన్ను బతకనియ్యది" అంటూ జేబులో వేసుకుని పోతాడు. సవారీని పట్నంలో దింపి తిరిగి ఏర్‌పోర్టుకు వచ్చేటప్పుడు సాతంరాయి మీదుగానే వస్తాడు కదా, అప్పుడు నీకు ఇవ్వమని ఇది రాస్తున్నాను.

పాప బాగుంది. అమ్మ నుదురు వచ్చింది. అమ్మే ఉంటే ఈ కాన్పు మన ఇంట్లో అయ్యేది, నువ్వు పక్కన ఉండేదానివి. దవాఖానలో ఒక్కసారి చూసి పోయావు. ఇరవై ఒకటో రోజుకు వస్తావని ఎదురుచూశాను. రాలేదు.

ఇక్కడ నా సంగతి విను. చెవుల్లో దూది, తల చుట్టూ గుడ్డ. పొద్దున వెల్లుల్లి కారంతో అన్నం, రాత్రి కూడా అదే. నీళ్లు అడిగితే సగం గ్లాసు, అదీ కాగబెట్టినవి. కిటికీ సందుల్లో గోనెపట్టా కుక్కింది అత్తమ్మ. ఈసారి చలి ముందే వచ్చిందని గదిలో బొగ్గుల కుంపటి కూడా పెడుతోంది. పగలో రాత్రో తెలియడం లేదు. పైన విమానం పోయినప్పుడల్లా రేకులు అదురుతాయి, పాప ఉలిక్కిపడుతుంది, నేను కూడా.

ఒక మాట అడుగుతాను, ఎవరికీ చెప్పకు. ఊరికే ఏడుపు వస్తోంది. పాపకు పాలిస్తూ ఏడుస్తున్నాను. కారణం ఏమీ లేదు. అందరికీ ఇట్లాగే అవుతుందా?

ఒక్కసారి వచ్చి పో అక్కా.

నీ చెల్లె
సంతోషి

❖

సాతంరాయి,
28 నవంబర్ 2025

సంతోషీ,

బంగారమా, నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. నీ అక్షరాలు ఇంకా పదో తరగతిలో ఉన్నట్టే ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

ఏడుపు చాలామందికి వస్తుందట. నా దోస్తు జకియా చెప్పింది, తనకూ మొదటి కాన్పుకు అట్లాగే అయిందని. కాని రెండు వారాలు దాటినా తగ్గకపోతే దవాఖానలో చెప్పాలని కూడా అంది. నీకు అప్పుడే మూడు వారాలు దాటింది. ఆశా వర్కర్ ఇంటికి వచ్చినప్పుడు సిగ్గుపడకుండా చెప్పు.

కిటికీ సంగతి అత్తమ్మతో మెల్లగా మాట్లాడు. బొగ్గుల పొగ పసిపిల్లకు మంచిది కాదు. చలికి స్వెట్టరు, టోపీ, తల్లి ఒళ్లు చాలు. పొద్దున మంచు విడిచాక పాపను తీసుకుని కాసేపు ఎండలో కూర్చో. ఎండ పాపకు ఎంత అవసరమో నీకూ అంతే. నీళ్లు బాగా తాగు, లేకపోతే పాలు ఎట్లా వస్తాయి? గుడ్డు, ఆకుకూర అడిగి పెట్టించుకో. పాప పడుకున్నప్పుడు నువ్వు కూడా పడుకో. మనసు బాగా లేనప్పుడు ఒక్కదానివే గోడ దిక్కు తిరిగి కూర్చోకు. ఎవరితోనన్నా మాట్లాడు, అత్తమ్మతోనైనా సరే.

నేను ఇప్పుడు రాలేను. చలికాలం ఏర్‌పోర్టులో జనం ఎక్కువ, మా హౌస్‌కీపింగ్ వాళ్లకు సెలవు దొరకడం లేదు. పొద్దున పొగమంచుకు విమానాలు ఆలస్యమైతే బాత్‌రూముల ముందు ఎంత జనమో చెప్పలేను. నా మీద కోపం పెట్టుకోకు. సంక్రాంతి దాటాక చూద్దాం.

పాప పాదాలకు నా ముద్దు నువ్వే పెట్టు.

శ్రీలత

❖

మంఖాల్,
9 డిసెంబర్ 2025

అక్కకు,

సంక్రాంతి దాటాకనా? అప్పటికి పాప బోర్లా పడే వేళవుతుంది.

నిజం చెప్పు, నేనేం తప్పు చేశాను? మీ మరిది నీ దగ్గరికి వచ్చి పోయాక ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మీ అక్క తలుపు సగమే తీసింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకోని మాట్లాడింది. లోపలికి రమ్మనలే, చాయ్ తాగుతవా అని అడగలే. నా మీద వాసనొస్తున్నట్టు ఎనకకు జరిగింది" అన్నాడు. నువ్వు అట్లా చేసేదానివి కాదు. ఇంకొకటి. పాపకు ఒక్క అంగీ ముక్క పంపలేదు నువ్వు. నా పెళ్లికి నీ చెవి కమ్మలు తీసి ఇచ్చిన దానివి.

అత్తమ్మ ఏమందో తెలుసా? "పిల్లలు కానామె. మొగుడు ఇడిసిపెట్టిపోయిండు. బిడ్డను చూస్తె కడుపుల కలుక్కుమనదా? రాకుంటెనే నయం" అంది. ఆ రోజు నేను ఆమె మీద అరిచాను. అన్నం తినలేదు. కాని రోజులు పోయేకొద్దీ, ఏమో అక్కా, నిజమే అయుంటుందా అనిపిస్తోంది.

ఎండలో కూర్చుంటానంటే అత్తమ్మ వాకిట్లోకి అడ్డం వచ్చింది. "నీ అక్క కన్నదా, పెంచిందా? నాకు చెప్తదా?" అంది. కుంపటి తీయలేదు. పాపకు దగ్గు మొదలైంది. పాలు తాగుతూ తాగుతూ ఆయాసపడి వదిలేస్తుంది. ఆశా వర్కర్ వస్తే బాలింత పడుకుందని అత్తమ్మ వాకిలి నుంచే పంపేసింది. నేను పడుకోలేదు. నాకు నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే పాప ఊపిరి ఆగినట్టు అనిపించి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మళ్లీ మళ్లీ చూస్తాను.

పనిమీద ఉన్నానని మళ్లీ రాయకు. రానిదానికి అసలు కారణం రాయి.

సంతోషి

❖

సాతంరాయి,
17 డిసెంబర్ 2025

సంతోషీ,

ఆలస్యంగా రాస్తున్నాను. ఒంట్లో కొంచెం నలతగా ఉండింది, ఇప్పుడు ఫరవాలేదు.

కారణం అడగకు. నేను పాపకు దూరంగా ఉండడమే మంచిది. మీ అత్తమ్మ ఏ అర్థంలో అన్నా, రాకుంటేనే నయమన్న మాట నిజమే. కొన్ని రోజులు మీ ఆయనను కూడా ఇటు పంపకు.

పాప దగ్గు సంగతి వదిలేయకు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించమని జగదీశ్‌కు ఫోన్ చేసి చెప్పాను. చూపిస్తానన్నాడు. చూపించాడా?

ఎక్కువ రాయలేను.

శ్రీలత

❖

మంఖాల్,
28 డిసెంబర్ 2025

అక్కా,

దూరంగా ఉండడమే మంచిదని రాశావు. అర్థమైంది. ఇంక అడగను.

నా మీద నీకు బెంగ వద్దు. ఏడుపు ఆగిపోయింది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు, చల్లగా రాయిలా ఉంది లోపల. అత్తమ్మ నేను కుదురుకున్నానని సంబరపడుతోంది. మీ మరిదికి సవారీలు ఎక్కువ, పాపను డాక్టరుకు రేపు చూపిస్తానంటాడు, ఆ రేపు రావడం లేదు. అత్తమ్మ పసరు పోస్తోంది.

పాపకు నా పాలు సరిపోవడం లేదు. నా చేతుల్లో ఏడుస్తుంది, అత్తమ్మ ఎత్తుకుంటే ఊరుకుంటుంది. నేను ముట్టుకున్నది బతకదేమో అనిపిస్తుంది. నేను లేకపోతే దానికి డబ్బా పాలన్నా కడుపు నిండా పడతాయి.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నా మీద కోపం ఉన్నా పాప మీద పెట్టుకోకు. దాన్ని నువ్వు తీసుకుని పో. ఈ గదిలో ఉంచకు. అత్తమ్మ ఇవ్వనంటే మీ మరిదితో గట్టిగా మాట్లాడు, నీ మాట వింటాడు. నువ్వు పెంచిన దాన్ని నేను, నన్ను పెంచినట్టే దాన్నీ పెంచు.

నీ కమ్మలు బట్టల పెట్టెలో, ఎర్ర చీర కింద పెట్టాను.

ఉంటాను అక్కా.

❖

ఎర్రగడ్డ,
10 జనవరి 2026

అక్కా,

ఈ మానసిక దవాఖానలో నర్సమ్మను అడిగి కాగితం తీసుకున్నాను. వార్డులో ఫోన్ ఇవ్వరు. మందుల వల్ల చేయి వణుకుతోంది, అక్షరాలు చూసి భయపడకు.

మీ మరిది రోజూ వస్తాడు. బల్ల మీద కూర్చుని నేల చూస్తాడు. పాప ఎక్కడ అంటే "మంచిగనే ఉన్నది" అంటాడు, అంతకుమించి నోరు తెరవడు. అసలు పాప ఉందా? నాకు అబద్ధం చెప్తున్నారా? ఆ రోజు పొద్దున నేను లేచింది గుర్తుంది. గడప దాటింది గుర్తుంది. తర్వాత కాళ్ల కింద తారురోడ్డు చల్లగా తగిలింది. అంతే. నిన్ను చూసినట్టు కూడా ఉంది, కాని నువ్వు రానన్నావు కదా, అది కలేమో.

డాక్టరమ్మను అడిగితే "మీవాళ్లనే అడగండి, కొద్దికొద్దిగా తెలుసుకోండి" అంది. నా వాళ్లంటే నాకు నువ్వే. ఏం జరిగిందో రాయి. ఏదీ దాచకు. చెడ్డదైనా సరే.

సంతోషి

❖

సాతంరాయి,
13 జనవరి 2026

నా సంతోషికి,

ముందు ఇది చదువు: పాప బతికే ఉంది. పిల్లల దవాఖానలో ఉంది. న్యుమోనియా. ఆక్సిజన్ మొన్ననే తీసేశారు. నిన్న గట్టిగా ఏడ్చిందట. ఆ ఏడుపు విని మీ అత్తమ్మ అక్కడున్న వాళ్లందరికీ దండాలు పెట్టిందని జగదీశ్ చెప్పాడు.

ఇప్పుడు నేను దాచింది. నాకు టీబీ వచ్చింది. నవంబర్‌లో పాపను దవాఖానలో చూసి వచ్చిన వారానికే దగ్గులో రక్తం పడింది. పరీక్ష చేస్తే అదే అన్నారు. నీకు చెప్తే బాలింతవు బెంగ పెట్టుకుంటావని, మీ అత్తింట్లో తెలిస్తే నిన్ను ఏమన్నా అంటారని చెప్పలేదు. అందుకే జగదీశ్‌ను లోపలికి రానివ్వలేదు. అందుకే పాపకు నా గదిలోంచి గుడ్డముక్క కూడా పంపలేదు. డిసెంబర్‌లో ఆ మందులు పడక పచ్చకామెర్లు వచ్చి దవాఖానలో చేరాను. పైన సాతంరాయి అని పెట్టి నీకు ఆ చిన్న ఉత్తరం అక్కడి మంచం మీద నుంచే రాశాను. దూరంగా ఉండడమే మంచిదని రాసినప్పుడు నా మనసులో ఉన్నది ఈ రోగం. నువ్వు చదివింది వేరే.

నీ ఆఖరి ఉత్తరం నాకు జనవరి రెండున అందింది. జగదీశ్ దాన్ని కారు డాష్‌బోర్డులో పెట్టి మరిచిపోయాడు. పొగమంచుకు విమానాలు ఆలస్యమై రాత్రింబవళ్లు ఏర్‌పోర్టు దగ్గరే పడున్నాడట. నా తలుపు సందులో ఉత్తరం పెట్టి వెళ్లిపోయాడు. చదివాను. కమ్మల మాట దాకా వచ్చేసరికి చెప్పులు తొడుక్కున్నాను. ఫోన్ చేస్తే వాడు ఆరాంఘర్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. "అమ్మ ఉంది కద వదినా" అన్నాడు. "ఇంటికి పో జగదీశ్, ఏదీ అడగకు, పో" అని అరిచాను. మాస్కు మీద మాస్కు పెట్టుకుని ఆటో మాట్లాడుకున్నాను.

నేను చేరేసరికి మంచు ఇంకా విడవలేదు. మీ వాకిట్లో ఎవరూ లేరు. తలుపు బార్లా తీసి ఉంది. అత్తమ్మను పిలిచాను, నిన్ను పిలిచాను. గదిలో కుంపటి రాజుకుంటోంది, పొగ కళ్లలో గుచ్చుకుంది. మంచం మీద పాప ఒక్కతే. ఏడవడం లేదు. పెదవుల చుట్టూ నీలం. పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

గడప దగ్గర నిలబడిపోయాను సంతోషీ. నా ఊపిరి తగిలితే ఏమవుతుందో అని భయం. పొగలో వదిలేస్తే ఏమవుతుందో కళ్ల ముందే కనిపిస్తోంది. వీధిలోకి పోయి కేక వేశాను, ఎవరూ పలకలేదు. ఇంక ఆగలేదు. ముఖం పక్కకు తిప్పుకుని, కొంగు ఇంకో చుట్టు చుట్టుకుని పాపను ఎత్తుకున్నాను. వాకిట్లోకి తెచ్చి గాలికి పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టి, అవతలికి తిరిగి వదిలి, మళ్లీ బిగబట్టాను.

అప్పుడు వచ్చింది మీ అత్తమ్మ. చెప్పుల్లేవు, చీర మోకాళ్ల దాకా తడిసింది. నిన్ను శ్రీశైలం రోడ్డు మీద నుంచి ఈడ్చుకుని వస్తోంది. లారీ వాడు బ్రేకు వేసి తిడుతుంటే మధ్యలో దూరి నీ జుట్టు పట్టి లాగుతూ తనూ రోడ్డు మీద పడిందట. ఆమె మోచేతికి పదకొండు కుట్లు పడ్డాయి. నువ్వు నన్ను చూశావు, కాని గుర్తుపట్టలేదు. "పిల్లను ఆమెకు నేను ఇచ్చేసిన" అన్నావు, అంతే. జగదీశ్ వచ్చాడు. నిన్నూ పాపనూ రెండు దవాఖానలకు తీసుకుపోయాం.

పిల్లల డాక్టరు అడిగాడు, గదిలో కుంపటి ఎన్ని రోజులుగా ఉందని. అత్తమ్మ చెప్పింది. "ఆ రోజు తలుపు తెరిచి లేకపోతే పాప ఇక్కడిదాకా కూడా వచ్చేది కాదు" అన్నాడు ఆయన. తలుపు తెరిచి పోయింది నువ్వు.

ఆ సాయంత్రం వరండాలో నేను ఒక మూల, ఆమె ఒక మూల కూర్చున్నాం. నా రోగం సంగతి అప్పటికే చెప్పాను. తిడుతుందనుకున్నాను. తనే మొదలుపెట్టింది.

"జగదీశ్ కంటె ముందు ఒక పిల్ల పుట్టింది నాకు. పుష్య మాసంల. పూరిగుడిసె, తలుపు లేదు, పాత చీర కట్టినం. తెల్లారెవరకు కట్టె లెక్క బిగుసుకపోయింది. ఈ చేతులతోనే కడిగిన. ఈ పిల్లకు గాలి తగలనియ్యొద్దనుకున్న. గంతే బిడ్డా. గంతే అనుకున్న."

ఆమె మీద దాచుకున్న కోపం అంతా ఉంది, ఇప్పటికీ ఉంది. కాని ఆ మాట తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

నేను పాపను ముట్టుకున్నానని డాక్టరుకు చెప్పాను. నేను మందులు మొదలుపెట్టి చాలా రోజులైంది, అంటుకునే అవకాశం తక్కువే, అయినా పాపకు ముందుజాగ్రత్తగా మందు వేస్తున్నారు. నీకు, అత్తమ్మకు, జగదీశ్‌కు కూడా పరీక్ష చేస్తారు. పాపకు ఏమన్నా అయితే అది నా వల్లే. ఈ మాట రాయకుండా ఉత్తరం ముగించలేను.

నీ మందులు ఆపకు. అన్నం తిను.

నీ అక్క

❖

మంఖాల్,
26 జనవరి 2026

అక్కా,

మొన్న ఇంటికి పంపారు. పాప నాకంటే నాలుగు రోజుల ముందు వచ్చింది.

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద మండిపడ్డాను. రక్తం కక్కుతూ నాకు ఎండలో కూర్చోమని సలహాలు రాశావా? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిచ్చి ఉత్తరం నేను రాసేదాన్ని కాదు. పిల్లలు లేరన్న మాట నీకు రాసి పంపాను. అది చదివి కూడా నువ్వు రోగం సంగతి చెప్పలేదు. నన్ను చిన్నపిల్లను చేశావు. కోపం తగ్గాక చాలాసేపు ఏడ్చాను. ఈసారి ఏడుపుకు కారణం ఉంది. అది కొంచెం నయంగా అనిపించింది.

కుంపటి తీసేశారు. కిటికీలో గోనె తీసింది అత్తమ్మే, కుట్లు పడ్డ చేత్తో. కాని కిటికీ పక్కనే కూర్చుంటుంది, గాలి వీచినప్పుడల్లా పాపకు అడ్డం జరుగుతుంది. గ్లాసు నిండా నీళ్లు తెచ్చి పెట్టి పోతుంది. ఫోన్ తెచ్చి దిండు పక్కన పెట్టింది. కాని ఫోన్‌లో ఈ మాటలు నేను చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నీకు ఒక్కదానికే చెప్తున్నాను. పాపను చూస్తే నాకు ఇంకా ఏమీ అనిపించడం లేదు. పాలు పడతాను, కడుగుతాను, జోకొడతాను. పక్కింటి పిల్లకు చేసినట్టు చేస్తాను. ప్రేమ అదే వస్తుందని డాక్టరమ్మ అంటుంది, వస్తుందని మీ మరిదీ అంటాడు. నువ్వు మాత్రం అనకు. రాకపోతే అప్పుడేం చేయాలి? పాపను నువ్వు మోసిన తీరు చదివి నాకు సిగ్గేసింది. నేను కన్నాను, ఊపిరి బిగబట్టింది నువ్వు.

వాడకట్టులో నా మాట పాకింది. నిన్న ఆడవాళ్లు ఇద్దరు చూడడానికి వచ్చారు. గిన్నె తేవడానికి నేను లోపలికి పోగానే "ఎర్రగడ్డకెళ్లి వచ్చిందట, పిల్లను ఆమె దగ్గర ఎట్ల పండుకోబెడ్తున్నరు?" అన్నారు. అత్తమ్మ ఏమంటుందోనని గోడ వెనక నిలబడ్డాను. ఆమె లేచి వాళ్ల చెప్పులు తీసి వాకిట్లో పెట్టింది. "చాయ్ అయిపోయింది, ఇగ పోండ్రి" అంది.

వచ్చే నెల మూడున నన్ను మళ్లీ చూపించుకొమ్మన్నారు. పోబుద్ధి కావడం లేదు. ఆ గేటు దగ్గర ఎవరన్నా చూస్తే?

నీకెట్లా ఉంది? ఈసారి నిజం రాయి.

సంతోషి

❖

సాతంరాయి,
30 జనవరి 2026

సంతోషీ,

నిజమే రాస్తున్నాను. నిన్న తెమడ పరీక్ష ఫలితం వచ్చింది, అందులో క్రిమి లేదు. నా వల్ల ఇంకొకరికి రాదని చెప్పారు. ఇది మంచి మాట. మంచిది కాని మాట: ఎడమ ఊపిరితిత్తి కింది భాగం పాడైంది, అది మళ్లీ మామూలు కాదట. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. ఏర్‌పోర్టు పని పోయింది. దగ్గేవాళ్లు వద్దని కాంట్రాక్టరు నా పాస్ వాపసు తీసుకున్నాడు. మందులు ఇంకా ఉన్నాయి. రాత్రిళ్లు నాకూ భయమేస్తుంది. అప్పుడు ఎవరితో మాట్లాడాలో తెలియక గోడ దిక్కు తిరిగి పడుకుంటాను. నీకు వద్దని చెప్పిన పనే.

పాప మీద నీకు ప్రేమ వస్తుందని నేను అనను. నాకు తెలియదు. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నాకు పదిహేను. నిన్ను చూస్తే నాకు కూడా మొదట్లో ఏమీ అనిపించలేదు, భారంగా ఉండేది. స్నానం పోశాను, జడ వేశాను, బడికి పంపాను. ఎప్పుడు మారిందో నాకు గుర్తు లేదు. అంతే చెప్పగలను.

మూడో తారీఖున ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో నాకు ఎక్స్‌రే ఉంది. నీ దవాఖాన కూడా అక్కడే, పక్కనే. జగదీశ్‌ను నిన్ను ఆరాంఘర్ దాకా తెచ్చి దింపమను. పాపను మీ అత్తమ్మ దగ్గర ఉంచు, డబ్బా పాలు కలపడం ఆమెకు వచ్చేసిందట కదా. మనిద్దరం సిటీ బస్సు ఎక్కుదాం, మెహిదీపట్నంలో మారదాం. నేను మెల్లగా నడుస్తాను, నువ్వు ఆగాలి. ముందు నీ చీటీ రాయించి నీ పక్కన కూర్చుంటాను, తర్వాత నువ్వు నా పక్కన కూర్చో.

బస్సులో తెలిసినవాళ్లు కనపడి ఎక్కడికి పోతున్నారని అడిగితే నువ్వు తల దించుకోకు. జవాబు నేను చెప్తాను, ఎర్రగడ్డకని, నా ఊపిరి అందినంత గట్టిగా.

శ్రీలత